తాళంచెవి ఎవరి దగ్గర? - వెబ్‌సైట్ చేసిచ్చాక నేర్పాల్సిన పాఠం

మన పత్రికలో కథలు, కవితలు ఎక్కువ వస్తుంటాయి. ఈసారి సంపాదకులు నన్ను "నీకు తెలిసిన పని మీద ఒక పాఠం రాయి" అన్నారు. నాకు తెలిసిన పని ఒక్కటే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు చిన్న వ్యాపారాలకు, బడులకు వెబ్‌సైట్లు చేసిస్తుంటాను. మన కాలేజీలో ఈ పని చేసేవాళ్లు నేనొక్కణ్నే కాదు, ప్రతి బ్రాంచిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. సైట్ ఎలా చేయాలో చెప్పే వీడియోలు వేలల్లో ఉన్నాయి. చేసిన సైట్‌ను యజమాని చేతికి ఎలా అప్పజెప్పాలో, దాన్ని ఆయనే జాగ్రత్తగా నడుపుకునేలా ఎలా నేర్పాలో చెప్పేవి తక్కువ. అది నేర్పకపోతే ఏమవుతుందో నాకు అనుభవం మీద తెలిసింది. అక్కణ్నుంచే మొదలుపెడతాను.

పలకల వ్యాపారి అడిగిన ప్రశ్న

మార్కాపురం అంటే పలకలు. తెలుగునాట ఎంతోమంది మొదటి అక్షరాలు దిద్దింది అక్కడి రాతి పలక మీదే. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడి పలకకు గిరాకీ పడిపోయింది. అదే రాయిని నేలకు, గోడలకు, పైకప్పులకు వేసే టైల్స్‌గా కోసి బయటి రాష్ట్రాలకు, విదేశాలకు పంపుతున్నారు. బడి పలక అమ్మేవాళ్లకు వెబ్‌సైట్ అక్కర్లేదు. టైల్స్ అమ్మేవాళ్లకు కావాలి. ఎక్కడో ఉన్న పార్టీ రాయి రంగు, మందం ముందుగా చూసేది ఫోన్‌లోనే కదా.

రెండో సంవత్సరం వేసవిలో అలాంటి ఒక వ్యాపారికి వర్డ్‌ప్రెస్ మీద సైట్ చేశాను. పని అయిపోయాక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పెట్టి, "పెద్దాయనా, ఇంక ఫొటోలు మీరే పెట్టుకోవచ్చు" అని చెప్పి కాలేజీకి వచ్చేశాను. నా దృష్టిలో పని పూర్తయింది.

నవంబరులో, సెమిస్టర్ పరీక్షల మధ్య, ఆయన ఫోన్ చేశాడు. "అబ్బాయ్, చెన్నై పార్టీ మన సైట్ నొక్కితే పేకాట వస్తా ఉందంట. మా కంప్యూటర్లో చూస్తే బాగనే ఉంది. ఏందిది?"

నేను నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను, బాగానే ఉంది. ఫోన్‌లో గూగుల్‌లో వెతికి నొక్కితే మాత్రం రమ్మీ ప్రకటన పేజీకి పోతోంది. సైట్లలోకి దొంగ కోడ్ చొప్పించేవాళ్లు తరచూ చేసే పని ఇదే. లోపల లాగిన్ అయి ఉన్నవాళ్లకు, అడ్రస్ నేరుగా టైప్ చేసేవాళ్లకు మామూలు సైటే చూపిస్తారు. సెర్చ్ నుంచి ఫోన్‌లో వచ్చే కొత్తవాళ్లను మాత్రమే దారి మళ్లిస్తారు. యజమానికి ఆలస్యంగా తెలియాలనే ఈ ఏర్పాటు.

కారణం వెతికితే రెండు రోజులు పట్టింది. ఆయన మేనల్లుడు ఫొటోలు అటూ ఇటూ జరిగే స్లైడర్ కావాలని, డబ్బులు పెట్టి కొనాల్సిన ప్లగిన్‌ను ఎక్కడో ఉచితంగా దొరికితే దించి పెట్టాడు. అట్లా ఉచితంగా దొరికే పైరేటు ప్లగిన్లలో దొంగ కోడ్ కలిపి ఉండటం మామూలు. ఆ కుర్రాడికి ఆ సంగతి తెలియదు. తెలియని మనిషి చేతిలో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంది. ఆ పాస్‌వర్డ్ ఇచ్చింది నేను. బ్యాకప్ ఉందిలే అనుకుంటే, అది కూడా అదే హోస్టింగ్ ఖాతాలో ఉంది, అది కూడా పాడైపోయింది. ఆయన మూడు నెలలు ఓపిగ్గా ఎక్కించుకున్న ఫొటోల్లో సగానికి పైగా పోయాయి. చెన్నై పార్టీ మళ్లీ ఫోన్ చేయలేదు.

సెలవుల్లో వెళ్లి కలిస్తే ఆయన కోప్పడలేదు. "దీంట్లో నేను చేసిన తప్పేంది నాయనా? చెప్తే మళ్లీ చేయకుండా ఉంటా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పు చేయకుండా ఉండటానికి నేను ఏదీ నేర్పలేదు. అప్పటి నుంచి సైట్ చేయడానికి ఎంత సమయం పెడతానో, నేర్పడానికీ దాదాపు అంత పెడుతున్నాను. ఇప్పుడు నేను నేర్పే క్రమం ఇది.

మొదటి పాఠం: మూడు వస్తువులు, మూడు తాళాలు

క్లయింట్లు "సైట్" అనే ఒక్క మాట వాడతారు. నిజానికి అక్కడ మూడు వేర్వేరు వస్తువులు ఉంటాయి. డొమైన్ అంటే చిరునామా. హోస్టింగ్ అంటే అద్దెకు తీసుకున్న స్థలం. మనం కట్టే సైట్ ఆ స్థలంలో ఉన్న కొట్టు. మూడింటికీ మూడు ఖాతాలు, మూడు గడువులు. కొట్టు ఎంత బాగున్నా స్థలం అద్దె కట్టకపోతే మూతపడుతుంది. చిరునామా పోతే కొట్టు ఉండి కూడా ఎవరికీ కనబడదు.

గిద్దలూరు దగ్గర ఒక ప్రైవేటు బడికి వెళ్లినప్పుడు ఇది కళ్లారా చూశాను. వాళ్ల సైట్ అంతకు ముందు ఇంకెవరో చేశారు. డొమైన్ ఆ కుర్రాడి సొంత ఈమెయిల్ మీద, అతని పేరు మీదే కొన్నాడు. అతను ఉద్యోగం వచ్చి ఊరు వదిలిపోయాడు, నంబరు మారింది. గడువు దగ్గర పడుతున్నదని హెచ్చరికలు వచ్చాయి, కాకపోతే వచ్చింది అతని ఈమెయిల్‌కి. అడ్మిషన్ల కాలంలో, సరిగ్గా మే నెలలో, సైట్ ఆగిపోయింది. అతను చెడ్డవాడు కాదు. మోసం చేయాలనీ అనుకోలేదు. "సార్‌కి ఇవన్నీ ఎందుకు, నేనే చూసుకుంటాలే" అనుకున్నాడు, అంతే. మనమందరం అట్లాగే అనుకుంటాం.

ఇది చిన్న ఊళ్లలోనే జరుగుతుందని అనుకోకండి. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థే తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ డొమైన్‌కు గడువులో డబ్బు కట్టడం మరిచింది. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే ఆధారపడి ఉండటంతో క్రిస్మస్ సమయంలో చాలామందికి మెయిల్ తెరుచుకోలేదు. చివరికి సంస్థతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి దాన్ని నిలబెట్టాడు. అంత పెద్ద సంస్థ మరిచిపోయినప్పుడు మన పలకల వ్యాపారి మరిచిపోవడంలో వింతేముంది?

డాట్ కామ్ లాంటి డొమైన్లకు గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ హెచ్చరిక పంపాలని అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నియమం. డాట్ ఇన్ డొమైన్ల రిజిస్ట్రీని మన దేశంలో నిక్సీ చూసుకుంటుంది. ఏదైనా సరే, హెచ్చరిక వెళ్లేది ఖాతాలో ఉన్న ఈమెయిల్‌కే. అందుకని నా మొదటి నియమం ఇది: డొమైన్, హోస్టింగ్ రెండూ యజమాని పేరు మీద, ఆయన ఈమెయిల్‌తో, ఆయన ఫోన్ నంబరుతోనే కొనాలి. డబ్బు ఆయన చేతే కట్టించాలి. పక్కన కూర్చుని సాయం చేయడం వరకే మన పని. ఆయనకు ఈమెయిల్ లేకపోతే ఆ రోజు మొదటి పాఠం ఈమెయిల్ తెరవడమే.

రెండో పాఠం: తూము తాళం, ఇంటి తాళం ఒకటి కాదు

కంభం చెరువు చూసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చెరువు నీళ్లు వాడుకునే రైతులు ఎందరో ఉంటారు. తూము ఎత్తే దింపే పని మాత్రం కొందరిదే. ప్రతి రైతు చేతికీ తూము తాళం ఇస్తే కట్ట నిలబడదు.

వర్డ్‌ప్రెస్‌లో ఈ ఏర్పాటు ముందు నుంచే ఉంది. అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రయిబర్ అని ఐదు హోదాలు. అడ్మినిస్ట్రేటర్ ప్లగిన్లు పెట్టగలడు, తీయగలడు, మనుషుల్ని చేర్చగలడు. ఎడిటర్ పేజీలు, పోస్టులు అన్నీ మార్చగలడు, ప్లగిన్ల జోలికి పోలేడు. ఆథర్ తన పోస్టులు రాసుకుని ప్రచురించగలడు. కంట్రిబ్యూటర్ రాయగలడు, ప్రచురించలేడు. సబ్‌స్క్రయిబర్‌కు తన వివరాలు చూసుకోవడం వరకే.

మేనల్లుడికి కావాల్సింది ఎడిటర్ హోదా. నేను ఇచ్చింది అడ్మిన్. ఎడిటర్‌గా ఉంటే ఆ పైరేటు ప్లగిన్ పెట్టే వీలే ఉండేది కాదు. ఈ ఒక్క మార్పు చేసి ఉంటే ఈ కథే లేదు.

అందుకని యజమానికి రెండు ఖాతాలు చేయిస్తాను. ఒకటి అడ్మిన్, ఏడాదికి నాలుగైదు సార్లు తప్ప అక్కర్లేనిది. రెండోది ఎడిటర్, రోజూ వాడేది. "పెద్దాయనా, ఇది బీరువా తాళం, ఇది కొట్టు తాళం. కొట్టు తాళం జేబులో పెట్టుకో, బీరువా తాళం ఇంట్లో పెట్టు" అంటే చాలు. కొట్లో పనిచేసే ప్రతి మనిషికీ తన పేరుతోనే వేరే ఖాతా ఉండాలి. నలుగురు ఒకే పాస్‌వర్డ్ వాడితే ఎవరేం చేశారో తెలియదు, తగాదా మాత్రం మిగులుతుంది. మనిషి పని మానేసిన రోజే అతని ఖాతా తీసేయాలి. ఈ నియమం మనకూ వర్తిస్తుంది. అప్పజెప్పాక మన అడ్మిన్ ఖాతా ఉంచాలా తీసేయాలా అన్నది యజమాని నిర్ణయం. అడగకుండా ఉంచుకోవడం మర్యాద కాదు.

మూడో పాఠం: పాస్‌వర్డ్

"అబ్బాయ్, సులువుగా ఉండేది పెట్టు, గుర్తుండాలి గదా." ఈ మాట వినని డిజైనర్ ఉండడు. ఇక్కడ క్లయింటును తిట్టడం కంటే ఆయనకు అలవాటైన దారిలో పోవడం మేలు. పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి, వేరే ఎక్కడా వాడనిది అయ్యుండాలి. పొట్టిగా గజిబిజిగా ఉన్నదానికంటే, సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపినది గుర్తుంటుంది, గట్టిగానూ ఉంటుంది. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవచ్చు. అయితే పిల్లల పేర్లు, బండి నంబరు, ఊరి పేరు, పెళ్లి తేదీ వద్దు. అవన్నీ ఫేస్‌బుక్‌లో దొరుకుతాయి.

నెలనెలా పాస్‌వర్డ్ మార్చమని చెప్పే అలవాటు పాతది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే, కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని ఉంది. ఊరికే మార్పిస్తే జనం చివర ఒకటి, రెండు అని అంకె మార్చి సరిపెడతారు. బయటపడిందని అనుమానం వస్తే మాత్రం ఆ క్షణమే మార్చాలి.

ఎక్కడ దాచాలి? ఫోన్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ వాడగలిగితే అదే మంచిది. అలవాటు లేని పెద్దవాళ్లకు నేను కాగితం మీద రాసి బీరువాలో పెట్టమంటాను. కొందరు నవ్వుతారు. బయటి దేశంలో కూర్చుని సైట్లు పగలగొట్టేవాడు మార్కాపురం వచ్చి బీరువా తెరవడు. వాట్సాప్ గ్రూపులో ఉన్న పాస్‌వర్డ్ మాత్రం పాత ఫోన్ అమ్మినప్పుడో, రిపేరుకి ఇచ్చినప్పుడో పరాయి చేతుల్లో పడుతుంది. దానికి తోడు లాగిన్‌కు రెండో తాళం, అంటే ఫోన్ యాప్‌లో వచ్చే కోడ్ పెట్టించాలి. బ్యాంకు ఓటీపీకి అందరూ అలవాటు పడ్డారు కాబట్టి, "ఇది సైట్ ఓటీపీ. ఎవరడిగినా చెప్పొద్దు, నేనడిగినా చెప్పొద్దు" అంటే వెంటనే అర్థమవుతుంది.

నాలుగో పాఠం: అప్‌డేట్‌కు భయపడొద్దు

డ్యాష్‌బోర్డ్‌లో ఎర్ర చుక్క, పక్కన అంకె కనిపిస్తే క్లయింటు రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. నొక్కితే ఏమవుతుందోనని నెలల తరబడి వదిలేస్తాడు. లేదా అన్నీ ఒకేసారి నొక్కేస్తాడు. రెండూ ఇబ్బందే.

వదిలేస్తే ఏమవుతుందో 2017లో ప్రపంచం చూసింది. వర్డ్‌ప్రెస్ 4.7, 4.7.1 వెర్షన్లలో ఒక లోపం ఉంది. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు పోస్టుల్లో రాసింది మార్చేయవచ్చు. జనవరి 26న దాన్ని సరిచేసిన 4.7.2 విడుదలైంది. లోపం సంగతి కావాలనే దాచి, అందరూ అప్‌డేట్ చేసుకోవడానికి సమయమిచ్చి, ఫిబ్రవరి 1న బయటపెట్టారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే, అప్‌డేట్ చేయకుండా వదిలేసిన సైట్లలో లక్షల పేజీలు పాడుచేశారు. మందు వచ్చాకే దెబ్బ తగిలింది! చిన్న భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడే ఏర్పాటు 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచీ ఉంది. దాన్ని ఆపేసుకున్నవాళ్లు ఎక్కువగా నష్టపోయారు.

నేను నేర్పే క్రమం: ముందు బ్యాకప్ తీయండి. తర్వాత ప్లగిన్లు ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేయండి. ప్రతిదాని తర్వాత సైట్‌ను ఫోన్‌లో తెరిచి చూడండి. ఏదైనా చెడిపోతే ఏ ప్లగిన్‌తో చెడిందో వెంటనే తెలుస్తుంది. నెలకొకసారి, కొట్టు సెలవు రోజున, ఈ పనికి అరగంట చాలు. వాడని ప్లగిన్‌ను ఆపడం కాదు, పూర్తిగా తీసేయాలి. ఆపి ఉంచిన ప్లగిన్ ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, లోపం ఉంటే అదీ ఉంటుంది. కొత్త ప్లగిన్ కావాలంటే వర్డ్‌ప్రెస్ సొంత జాబితాలోంచి, లేదా తయారుచేసినవాళ్ల దగ్గర్నుంచి కొని మాత్రమే పెట్టాలి. ఇంకెక్కడైనా ఊరికే వస్తోందంటే దాని ఖరీదు మనకు తర్వాత తెలుస్తుంది.

ఐదో పాఠం: బ్యాకప్ ఇంకో ఇంట్లో ఉండాలి

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి తగలబడింది. ఎన్నో వెబ్‌సైట్లు ఆగిపోయాయి. తమ బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరికి ఏమీ మిగల్లేదు. నా పలకల వ్యాపారికి జరిగిందీ అదే. అక్కడ నిప్పు, ఇక్కడ దొంగ కోడ్, అంతే తేడా.

మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి పూర్తిగా బయట. ఇది పాత సూత్రం. చిన్న వ్యాపారికి దాన్ని ఇట్లా చెప్తాను: ఒకటి సైట్‌లో ఉంది. ఒకటి మీ గూగుల్ డ్రైవ్‌లో పడేట్టు పెట్టాను. ఒకటి మూడు నెలలకొకసారి పెన్‌డ్రైవ్‌లో దించి బీరువాలో పెట్టండి. ఫొటోల అసలు ప్రతులు ఫోన్‌లోంచి తీసేసే ముందు కంప్యూటర్‌లో ఫోల్డరు చేసి ఉంచండి.

ఇంకో మాట. తీసిన బ్యాకప్‌ను తిరిగి పెట్టి చూడనంత వరకు అది బ్యాకప్ ఉందన్న నమ్మకమే, బ్యాకప్ కాదు. అప్పజెప్పే ముందు ఒకసారి క్లయింటు ఎదుటే ఒక పేజీ చెరిపి, బ్యాకప్ నుంచి మళ్లీ తెప్పించి చూపిస్తాను. ఆ పేజీ మళ్లీ కనబడినప్పుడు వాళ్ల ముఖంలో భయం పోవడం చూడాలి. పలక మీద చెరిగితే మళ్లీ రాసుకోవచ్చని చిన్నప్పుడే తెలుసు వాళ్లకు. ఇక్కడా అంతేనని తెలిశాక చెయ్యి ధైర్యంగా కదులుతుంది.

ఆరో పాఠం: రోజువారీ పనిలో దొర్లే తప్పులు

ఫొటోలు: ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. అట్లాంటివి ఇరవై ఒకే పేజీలో పెడితే నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ సరిగా లేనిచోట పేజీ తెరుచుకోనే తెరుచుకోదు. రెండు వందల కేబీ లోపు తగ్గించి ఎక్కించడం నేర్పండి. ఫైలు పేరు కూడా అంకెల వరసగా కాకుండా రాయి రంగు, సైజు తెలిసేలా పెట్టమనండి.

తెలుగు అక్షరాలు: ఇది మన దగ్గర ప్రత్యేకం. డీటీపీ సెంటర్లలో కరపత్రాలు అను ఫాంట్లలో చేస్తారు. దాంట్లోంచి కాపీ చేసి సైట్‌లో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. అది యూనికోడ్ కాదు మరి. బడి హెడ్మాస్టరు గారు రెండు గంటలు తంటాలు పడి "మీ సైట్‌కి తెలుగు రాదయ్యా" అన్నారు. యూనికోడ్‌లోకి మార్చుకోవడం, లేదా ఫోన్ కీబోర్డులో నేరుగా తెలుగు రాసుకోవడం పది నిమిషాల్లో నేర్పవచ్చు. సెర్చ్‌లో దొరకాలన్నా యూనికోడే కావాలి.

వ్యక్తిగత వివరాలు: ఇదే అన్నింటికంటే ముఖ్యం. అదే బడిలో మార్కుల జాబితా పీడీఎఫ్‌గా ఎక్కించారు. దాంట్లో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్నాయి. "లింకు ఎక్కడా ఇవ్వలేదు కదా, ఎవరికి కనబడుతుంది?" అన్నారు. మీడియాలోకి ఎక్కించిన ప్రతి ఫైలుకూ ఒక చిరునామా ఉంటుంది. అది తెలిసినవాళ్లు ఎవరైనా తెరవగలరు. గూగుల్ కంట పడితే వెతికినవాళ్లందరికీ దొరుకుతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అట్లా ఉంచండి. ఆడపిల్ల పేరు, ఇంటి ఫోన్ నంబరు ఒకే కాగితం మీద ఊరందరికీ పంచుతామా? గోడకు అంటించడానికి మనసొప్పనిది సైట్‌లో పెట్టొద్దు. నేను చెప్పే కొలత ఇదే. ఆ ఫైలు ఆ రోజే తీసేశాం.

ఏడో పాఠం: ఫోన్ చేసి బెదిరించేవాళ్లు

సైట్ పెట్టిన నెలలోపే క్లయింటుకు ఫోన్లు మొదలవుతాయి. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ సైట్ తీసేస్తాం, ఇంత కట్టండి." "మీ డొమైన్ గడువు రేపే, ఈ లింకులో కట్టండి." అసలు గడువు తేదీ కాగితం మీద రాసి గోడకు ఉంటే ఈ అబద్ధం అక్కడే తేలిపోతుంది. ఈమెయిల్‌లో వచ్చిన లింకు నొక్కి కట్టడం కాదు, ఎప్పుడూ కట్టే సైట్ అడ్రస్ మనమే టైప్ చేసి లోపలికి వెళ్లి కట్టాలి.

ఎగుమతులు చేసేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. దొంగలు సైట్‌లోకో ఈమెయిల్‌లోకో దూరి, బ్యాంకు ఖాతా నంబరు మాత్రం మార్చి ఊరుకుంటారు. డబ్బు పంపినవాడు పంపాననే అనుకుంటాడు, రావాల్సినవాడు ఎదురుచూస్తూనే ఉంటాడు. అందుకని బ్యాంకు వివరాలు సైట్‌లో పెట్టొద్దు. పార్టీలకు ముందే చెప్పి ఉంచాలి: ఖాతా మారిందని మెయిల్ వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి అని.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు గోడ మీద కాగితంలో ఉండాల్సిందే. సైట్ పాడైందని తెలిస్తే కంగారులో అన్నీ చెరిపేయకుండా ముందు స్క్రీన్‌షాట్ తీయాలి, హోస్టింగ్ వాళ్లకూ మనకూ ఫోన్ చేయాలి, శుభ్రంగా ఉన్న వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్లన్నీ మార్చాలి, అందరి లాగిన్లూ తెగ్గొట్టాలి, ఆ తర్వాతే బ్యాకప్ సంగతి. దొంగ కోడ్ ఎప్పుడు పడిందో చూసుకుని అంతకు ముందు రోజుల బ్యాకప్ పెట్టాలి. లేకపోతే దొంగను మళ్లీ మనమే ఇంట్లోకి పిలిచినట్టు.

ఎలా నేర్పాలి?

ఏం నేర్పాలో చెప్పాను. ఎలా అన్నదే అసలు కష్టం. మొదట్లో నేను మౌసు పట్టుకుని గబగబా నొక్కుతూ "చూశారుగా, ఇంతే" అనేవాణ్ని. వాళ్లు మొహమాటానికి తలూపేవాళ్లు. మనం చదువుకునే కుర్రాళ్లం, మన ముందు "అర్థం కాలేదు" అనడానికి పెద్దవాళ్లకు సిగ్గు. ఆ సిగ్గు మనమే పోగొట్టాలి.

ఇప్పుడు మౌసు ముట్టుకోను. వాళ్లే నొక్కాలి, నేను పక్కన కూర్చుని చెప్పాలి. ఒకే రోజు అన్నీ చెప్పను. మొదటి రోజు ఫొటో పెట్టడం, ధర మార్చడం. వారం తర్వాత బ్యాకప్, అప్‌డేట్. మూడోసారి తాళాలు, మోసాలు. ప్రతిసారీ కిందటిసారి చెప్పింది వాళ్లనే చేసి చూపించమంటాను. ఎక్కడ ఆగారో అక్కడ నా పాఠం బాగాలేదని అర్థం. అసలు సైట్‌కు నకలు ఒకటి పెట్టి "దీన్ని చెడగొట్టండి, ఏం కాదు" అంటాను. చెడగొట్టి, బాగుచేసినవాళ్లే నేర్చుకుంటారు.

చివరగా ఒక్క కాగితం, తెలుగులో. డొమైన్ ఎక్కడ కొన్నాం, గడువు ఎప్పుడు, హోస్టింగ్ ఎక్కడ, గడువు ఎప్పుడు, ఎవరికి ఏ హోదా, బ్యాకప్ ఎక్కడ, నెలకొకసారి చేయాల్సినవి, ఆపదలో ఫోన్ నంబర్లు. పాస్‌వర్డ్లు మాత్రం దాంట్లో ఉండకూడదు, అవి బీరువా కాగితంలో. ఈ పనికి డబ్బు తీసుకోవడానికి మొహమాటపడకండి. ధర చెప్పేటప్పుడే "చేసేదానికి ఇంత, నేర్పేదానికి ఇంత" అని విడిగా చెప్పండి. నేను కూడా అట్లాగే చెప్తున్నాను, ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

"అన్నీ వాళ్లకే నేర్పితే మళ్లీ మనల్ని ఎందుకు పిలుస్తారు?" అని ఒక జూనియర్ అడిగాడు. తాళంచెవి మన జేబులో ఉంది కాబట్టి పిలిచే క్లయింటు, ఇంకో దారి దొరికిన రోజు వెళ్లిపోతాడు. నేర్పినవాడి దగ్గరికి మాత్రం తన తమ్ముణ్నీ, పక్క కొట్టతన్నీ తీసుకొస్తాడు. నాకు ఈ ఏడాది వచ్చిన పనులన్నీ అట్లా వచ్చినవే.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పలకల వ్యాపారి కొట్టుకు పోయాను. గోడకు, క్యాలెండరు పక్కన, మా కాగితం వేలాడుతోంది. మేనల్లుడు ఎడిటర్ ఖాతాతో కొత్త టైల్స్ ఫొటోలు పెడుతున్నాడు. పెద్దాయన నన్ను చూసి, "ఉండు అబ్బాయ్, ఇయ్యాల నెల మొదటి ఆదివారం గదా" అని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. బ్యాకప్ తీశాడు. పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఒక ప్లగిన్ అప్‌డేట్ చేసి, ఫోన్‌లో సైట్ తెరిచి చూసుకున్నాడు. రెండోది. మూడోది. నేను పక్కన టీ తాగుతూ కూర్చున్నాను. నన్నేమీ అడగలేదు.